ఇటలీ ఎర్ర వైన్లు: ఊరి పేరు, ద్రాక్ష పేరు

ఇటలీ ఎర్ర వైన్ సీసాపై తరచుగా కనిపించేది ఊరి పేరే గాని ద్రాక్ష పేరు కాదు. బరోలో, వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్‌ ప్రాంతపు గ్రామం. ఆ పేరుతో విక్రయించే వైన్‌ను పూర్తిగా నెబ్బియోలో ద్రాక్షతోనే తయారుచేయాలి. కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి. అందులో 18 నెలలు కొయ్య పీపాల్లో. రంగు పలుచన, వగరు అధికం. పొగమంచును సూచించే ఇటాలియన్ పదం 'నెబ్బియా' నుంచి ఈ పేరు పుట్టిందంటారు. కోతల వేళ ఆ కొండలను పొగమంచు కమ్ముకోవడం మాత్రం నిజం.

టస్కనీలో సాంజొవేసెదే పెత్తనం. బ్రునెల్లో ది మోంటల్చీనోకు అదొక్కటే వాడాలి, కియాంతి క్లాసికోలో కనీసం 80 శాతం ఉండాలి. తెలిసినవారినీ తికమకపెట్టేది మోంటెపుల్చానో. టస్కనీలో అది ఊరు. అక్కడి 'వీనో నోబిలె'కు మూలం సాంజొవేసె. అబ్రుజ్జోలో అదే పేరు వేరొక ద్రాక్షది.

నిబంధనల్లో చోటు దొరకని ద్రాక్ష గతి వేరు. స్లొవేనియా సరిహద్దున ఉన్న ఫ్రియులిలో స్కియోపెట్టినో అలాంటిదే. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఫిలాక్సెరా పురుగు ఐరోపా తోటలను తుడిచిపెట్టాక, అక్కడి రైతులు క్రమంగా ఫ్రెంచి రకాలవైపు మొగ్గారు. తరువాత అనుమతించిన రకాల పట్టికలోనూ దాని పేరు లేకపోవడంతో నాటడమే నిషిద్ధమైంది. 1970వ దశకంలో ప్రెపొట్టో పరిసరాల్లో మిగిలిన కొద్దిపాటి తీగలను ఒక కుటుంబం వెదకి తెచ్చి పెంచింది. అనుమతి ఆ తరువాతే వచ్చింది. మిరియాల ఘాటు గల ఈ వైన్ సీసాపై నేడు ద్రాక్ష పేరు, ప్రెపొట్టో పేరు రెండూ ఉంటున్నాయి.