హైదరాబాదు రేడియో కేంద్రం: దక్కన్ రేడియో నుంచి ఆకాశవాణి దాకా

హైదరాబాదు రేడియో కేంద్రం నేటి తెలంగాణ ప్రాంతంలో వెలసిన మొదటి ప్రసార కేంద్రం. ఒక ఉద్యోగి సొంత చొరవతో పుట్టి, 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1948లో సైనిక పాలన కిందికి, 1950లో ఆలిండియా రేడియో పరిధిలోకి, 1997లో ప్రసార భారతి సంస్థలోకి వెళ్లింది. ఈ కేంద్రం చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా ఈ తేదీలనే మైలురాళ్లుగా తీసుకుంటారు. ఇవి యజమానులు మారిన తేదీలు. రేడియో పెట్టె ముందు కూర్చున్న మనిషికి వినబడేది మారిన తేదీలు వేరే ఉన్నాయి. కార్యక్రమాల స్వరూపాన్ని నిర్ణయించినది ప్రధానంగా ఒక ప్రశ్న: ఈ కేంద్రం ఎవరిని తన శ్రోతగా ఎంచుకుంది, వారితో ఏ భాషలో మాట్లాడింది? యజమాని పేరు ఆ ప్రశ్నకు కొంతవరకే జవాబు చెబుతుంది.

1930ల మొదట్లో తపాలా తంతి శాఖలో పనిచేసే మహబూబ్ అలీ ఆబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ సందులో 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ప్రసారాలు మొదలుపెట్టారు. ఈనాటి లెక్కలో అది చాలా స్వల్పమైన శక్తి. నగరంలో రేడియో సెట్టు కొనగలిగిన కొద్ది ఇళ్లకు మాత్రం అది సరిపోయింది. బ్రిటిషిండియాలో కూడా రేడియో అప్పటికి నిలదొక్కుకోలేదు. మద్రాసులో 1924లో ఏర్పడిన రేడియో క్లబ్బు మూడేళ్లకే డబ్బులేక మూతపడింది. 1927లో బొంబాయి, కలకత్తాల్లో మొదలైన ప్రైవేటు కంపెనీ మూడేళ్లలోపే దివాలా తీసింది. ఇలాంటి కాలంలో ఒక మనిషి సొంతంగా కేంద్రం నడపడం మెచ్చుకోదగ్గ సాహసం. లైసెన్సు రుసుములతోనో చందాలతోనో రేడియో బతకదని ఆ పదేళ్ల అనుభవం దేశమంతటా తేల్చింది. ఆ భారం మోయగలిగింది ప్రభుత్వం ఒక్కటే.

1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం ఈ కేంద్రాన్ని తన చేతుల్లోకి తీసుకుని దక్కన్ రేడియోగా ప్రారంభించింది. జనం నోట దీనికి నిజాం రేడియో అనే పేరు స్థిరపడింది. ప్రసారాలు 411 మీటర్ల మీద, అంటే 730 కిలోసైకిళ్ల మీద, వచ్చేవి. ఆలిండియా రేడియో అనే పేరు అప్పటికి పుట్టలేదు. అది 1936 జూన్‌లో వచ్చింది. మైసూరులో ‘ఆకాశవాణి’ పేరుతో మొదలైన కేంద్రం కూడా అదే 1935 సెప్టెంబరు నాటిది. సొంత రైల్వే, సొంత తపాలా, సొంత నాణెం ఉన్న సంస్థానానికి సొంత రేడియో కూడా ఉండాలనుకోవడం సహజమే. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పటికే ఉర్దూలో ఉన్నత విద్య నేర్పుతూ ఉంది. పాలన, కోర్టులు, చదువు ఏ భాషలో సాగుతున్నాయో రేడియో కూడా ఆ భాషనే ఎంచుకుంది. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు, నాలుగో వంతు మరాఠీవారు, ఆ తరువాత కన్నడిగులు. ఆ మూడు భాషలకూ దక్కన్ రేడియోలో చోటు దొరికింది గానీ కేంద్రం ప్రధాన స్వరం ఉర్దూయే. అప్పట్లో సెట్లు కొనగలవారు నగరంలోని ఉద్యోగులు, జాగీర్దార్లు, వ్యాపారులు. వాళ్లలో చాలామంది ఉర్దూ వాడుకలో ఉన్నవారే. కాబట్టి ఈ ఎంపికకు పాలకుల ఇష్టం ఎంత కారణమో, సెట్టు ఎవరింట్లో ఉందన్న లెక్క కూడా అంతే కారణం.

తర్వాతి పన్నెండేళ్లలో కేంద్రం శక్తి పెరిగింది, మరఠ్వాడా ప్రాంతానికి ఔరంగాబాదులో ఇంకొక చిన్న కేంద్రం వచ్చింది.

1947 ఆగస్టు తర్వాత హైదరాబాదు కేంద్రం పూర్తిగా రాజకీయ వేదికగా మారింది. భారత ప్రభుత్వంతో చేసుకున్న యథాతథ ఒప్పందం అమల్లో ఉన్న నెలల్లో సంస్థాన ప్రభుత్వం తన వాదనను, రజాకార్లనే సాయుధ దళం పక్షాన్ని ఈ కేంద్రం నుంచే వినిపించింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 17వ తేదీ సాయంత్రం లొంగుబాటు వార్తను ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా ఈ రేడియోలోనే ప్రజలకు వినిపించారు. తన ప్రభుత్వపు ఉనికిని చాటడానికి పెట్టుకున్న రేడియోలోనే ఆ ప్రభుత్వం ముగిసిందని ఆయన చెప్పవలసి వచ్చింది. ఈ కేంద్రం చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుంచుకోదగ్గ ప్రసారం అదే. ఆ మర్నాడు జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా బాధ్యత తీసుకున్నారు, కేంద్రం కూడా ఆయన పాలన కిందికి వచ్చింది.

కేంద్రం స్వరూపం మారింది 1948లోనే గదా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. ప్రచార ధోరణి ఆగిపోయిందన్నంత వరకు ఆ మాట నిజం. మిగిలినదంతా అంత తొందరగా మారలేదు. 1950 ఏప్రిల్ 1న ఈ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. దానికి ప్రసార విధానంతో సంబంధమున్న ప్రత్యేక కారణమేదీ లేదు. సంస్థానాల ఆర్థిక విలీనంలో భాగంగా రైల్వే, తపాలా వంటి కేంద్ర విషయాలు ఆ రోజున ఢిల్లీకి బదిలీ అయ్యాయి. వాటితోపాటే రేడియో కూడా వెళ్లింది. స్వాతంత్ర్యం నాటికి సంస్థానాల్లో ఉన్న ఐదు కేంద్రాల్లో, అంటే మైసూరు, బరోడా, తిరువనంతపురం, హైదరాబాదు, ఔరంగాబాదుల్లో, రెండు నిజాంవే. హైదరాబాదు రాష్ట్రం మాత్రం అప్పటికింకా తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాల కలయికగానే ఉంది. అలాంటి రాష్ట్రానికి రాజధాని కేంద్రం ఏ ఒక్క భాషకూ పూర్తిగా కట్టుబడలేదు. కళాకారుల్లోనూ కొనసాగింపు కనబడుతుంది. తర్వాతి కాలంలో లలిత సంగీతానికి ఎంతో పేరు తెచ్చిన మహాభాష్యం చిత్తరంజన్ చిన్నతనంలో పాడింది దక్కన్ రేడియోలోనే. యజమాని మారినా స్టూడియోలోని గొంతు మారలేదన్నమాట.

తెలుగు రేడియోకు అప్పటి నిజమైన నెలవులు మద్రాసు, విజయవాడ. మద్రాసులో 1938 జూన్ 16న మొదలైన ఆలిండియా రేడియో కేంద్రం తమిళంతో పాటు తెలుగునూ పోషించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఇది హైదరాబాదు మీద సైనిక చర్య ముగిసిన రెండున్నర నెలలకు. రాజమండ్రిలోనో గుంటూరులోనో రేడియో నాటకం అంటే మద్రాసు, విజయవాడలే గుర్తుకొచ్చేవి. హైదరాబాదు వారి లెక్కలో లేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఈ పరిస్థితి తారుమారైంది. కేంద్రం యజమాని ఆ రోజు మారలేదు. ఆ ముందు రోజూ, ఆ తర్వాతి రోజూ ఆలిండియా రేడియోయే. అయినా ఈ చరిత్రలో అతి పెద్ద మలుపు ఇదే. మరాఠీ, కన్నడ జిల్లాలు విడిపోయాయి, తెలుగు జిల్లాలు కలిశాయి, మద్రాసులోని తెలుగు రేడియో మనుషులు హైదరాబాదు దారి పట్టారు. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఒక తరం పిల్లలకు ఆత్మీయులైనవారు. 1940లో బాలానంద సంఘం స్థాపించినవారు. వారు 1956లోనే హైదరాబాదు వచ్చి ఇక్కడి పిల్లలకూ అన్నయ్య అక్కయ్యలయ్యారు. రచయితలను, విద్వాంసులను ప్రయోక్తలుగా తీసుకునే ఆలిండియా రేడియో పద్ధతి కూడా అప్పుడే బలపడుతోంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1957లో ఈ కేంద్రంలో చేరి పాటలు, నాటికలు, యక్షగానాలు రాశారు. ఆయన లలిత గేయాలు పుస్తకంకన్నా ముందు రేడియోలో జనానికి చేరాయి. నాయని సుబ్బారావు ప్రసంగ విభాగాన్ని చూశారు. స్త్రీ పాత్రలతో రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావు నాటక ప్రయోక్తగా వచ్చారు; కంటికి కనబడే హావభావాలతో పేరు పొందిన నటుడు కేవలం చెవికి నాటకం కట్టే పని చేపట్టడం అపురూపమైన విషయం. మునిమాణిక్యం నరసింహారావు, దాశరథి, బుచ్చిబాబు, పాలగుమ్మి విశ్వనాథం కూడా ఈ కేంద్రంలో పనిచేసినవారే. 1959 ప్రాంతంలో చేరిన శారదా శ్రీనివాసన్ గొంతు కొన్ని దశాబ్దాల పాటు రేడియో నాటికకు మారుపేరుగా నిలిచింది. తెలుగు సాహిత్యంలో ఇంతమంది పేరున్నవారు ఒకే ప్రభుత్వ కార్యాలయంలో హాజరు పట్టీ మీద సంతకం చేయడం మరెక్కడా కనబడదు. ‘శ్రోతలు’, ‘ప్రయోక్త’, ‘నాటిక’, ‘లలిత సంగీతం’ వంటి మాటలు ఇంటింటి వాడుకలోకి రావడంలో ఈ కాలపు పాత్ర పెద్దది.

ఇది తెలుగుకు లాభమైతే ఉర్దూకు నష్టమనే అభ్యంతరం ఉంది. అందులో న్యాయం లేకపోలేదు. ప్రధాన స్థానంలో ఉన్న భాష రోజులో కొంత వేళకు పరిమితమైంది. అయితే ఉర్దూ ఈ కేంద్రం నుంచి తొలగిపోలేదు. ‘నైరంగ్’ పేరుతో వచ్చిన ఉర్దూ కార్యక్రమం దశాబ్దాల పాటు నగరంలో ఎందరికో నిత్య కాలక్షేపంగా నిలిచింది. పాతబస్తీలో దాన్ని క్రమం తప్పకుండా విన్న కుటుంబాలు ఎన్నో. నిజాం కాలంలో తెలుగుకు దక్కిన చోటుతో పోలిస్తే ఇది తక్కువేమీ కాదు.

యజమాని విధానమే సర్వం అని వాదించేవారికి బలమైన ఆధారం సినిమా పాటల కథ. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు, సినిమా పాటలను దాదాపుగా బయటికి పంపారు. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం హైదరాబాదులో వినబడేదాన్ని మార్చింది, నిజమే. కానీ ఆ తర్వాత జరిగినది చూడాలి. శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. మీనాక్షి పొన్నుదురై వినిపించిన తెలుగు పాటల కోసం సముద్రం అవతలి కేంద్రాన్ని పట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే వివిధ భారతిని మొదలుపెట్టి సినిమా పాటలను తిరిగి పిలిచింది. 1967 నవంబరులో బొంబాయి, పుణె, నాగపూర్‌లతో వాణిజ్య ప్రసారాలు మొదలై క్రమంగా హైదరాబాదుకూ వచ్చాయి. ‘జనరంజని’ కార్యక్రమంలో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వరసగా చదివి పాట వేయడం అనే పద్ధతి, కేంద్రం నడిపేది ఎవరైనా వినేవాడి మాట చెల్లుతుందనడానికి ఎప్పటికప్పుడు దొరికిన రుజువు. కేస్కర్ విధానం వల్ల ఒక మేలు మాత్రం మిగిలింది. సినిమా పాటకు బదులుగా పెంచిన లలిత సంగీత విభాగాలు తెలుగులో ఒక కొత్త పాటల సంపదను ఇచ్చాయి.

1960లలో ఇంకొక కొత్త శ్రోత కేంద్రం దృష్టిలోకి వచ్చాడు. 1966లో దేశంలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడ్డాయి. కొత్త వంగడాలు, ఎరువులు, తెగుళ్ల గురించి రైతుకు అతని మాటల్లో చెప్పవలసి వచ్చింది. చవకైన ట్రాన్సిస్టరు విద్యుత్తు లేని ఊళ్లకు కూడా చేరింది. ఈ కేంద్రం వాడిన మధ్యతరంగాలకు నేలను అంటిపెట్టుకుని దూరం పోయే గుణం ఉంది. పగటిపూట కూడా జిల్లా దాటి వినబడతాయి. పొలం గట్టు మీద రేడియో వినడం అప్పుడు మొదలైన దృశ్యమే. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం అనే పాత్రలు పలికిన వాడుక భాష పుస్తకాల భాషకన్నా ఎంతో దూరం పోయింది. 1963లో విశాఖపట్నం, కడప కేంద్రాలు రావడంతో రాష్ట్రమంతటికీ హైదరాబాదు, విజయవాడలే మాట్లాడవలసిన అవసరం తగ్గింది. 1978 నవంబరులో అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం కేంద్రాల పౌనఃపున్యాలను తొమ్మిది కిలోహెర్ట్జ్‌ల గుణిజాలుగా సర్దినప్పుడు హైదరాబాదు ప్రధాన ప్రసారమైన ‘ఎ’ కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌ల మీద స్థిరపడింది. నిజాం నాటి 730కి అది కూతవేటు దూరం.

1980లలో దూరదర్శన్ సాయంత్రాలను లాక్కుంది. సుప్రీంకోర్టు 1995లో ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి రావడంతో ఆకాశవాణి, అంటే ఆలిండియా రేడియో, స్వయంప్రతిపత్తి గల సంస్థలో భాగమైంది. కార్యక్రమాల మటుకు శ్రోతకు ఆ రోజు తేడా ఏమీ తెలియలేదు. తెలిసినది 2006లో, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు నగరంలో మొదలైనప్పుడు. యాజమాన్యం మారితే అంతా మారుతుందనడానికి ఇదే సాక్ష్యం అని కొందరంటారు. అయితే ఆ కేంద్రాలు ఆకాశవాణి పక్కన కొత్తగా వచ్చిన పొరుగువాళ్లు. పాత కేంద్రం చేతులు మారలేదు. వాటికి సొంతంగా వార్తలు చదివే హక్కు లేదు. అవి నగర యువత కోసం తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడే వీధి భాషను ఎంచుకున్నాయి. వాటిని ఎదుర్కోవడానికి ఆకాశవాణి కూడా ఎఫ్.ఎం. రెయిన్‌బోలో తన పాత అనౌన్సరు గొంతును సడలించుకుంది. ఇక్కడా మార్పు మొదలైంది ఎంచుకున్న శ్రోతతోనే.

ఎవరితో, ఏ భాషలో మాట్లాడాలన్న ప్రశ్నకు ఆకాశవాణి బయట ఇంకొక జవాబూ వచ్చింది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గర మాచనూరులో సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభించింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు దాన్ని నడుపుతున్నాయి. మైకు ముందు కూర్చునేవారు ఎక్కువగా దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు. వాళ్లు తమ ప్రాంతపు తెలుగులో జొన్నలు, సజ్జలు, విత్తనాల నిల్వ, పండుగ పాటల గురించి ఇరుగుపొరుగు ఊళ్లతో మాట్లాడతారు. దక్కన్ రేడియో మొదలైన 1935లో ఈ ప్రాంతం నిజాం రాజ్యంలోనే ఉంది. ఆ ఊళ్లకు అప్పుడు రేడియో చేరలేదు.