బైబిలు పురుషనామముల పునరుద్ధరణము
పాతనిబంధనకు చెందినవై, చిరకాలము వాడుక తప్పియుండి, ఇటీవలి దశాబ్దులలో ఆంగ్లభాషాదేశములందు, విశేషించి అమెరికా సంయుక్తరాష్ట్రములందు, మగశిశువులకు మరల పెట్టబడుచున్న ఎజ్రా, ఆషేరు, లేవి, యోషీయా మొదలగు పేళ్ల ప్రచారమే ఈ పునరుద్ధరణము.

వీని తొలి వ్యాప్తికి మూలము మతసంస్కరణోద్యమము. 1546లో జెనీవా నగరమున, కాల్విను ప్రాబల్యమువలన, బైబిలునందు కానరాని పునీతుల పేళ్లు నిషేధింపబడెను. ఆ నిష్ఠయే ప్యూరిటనులతో సముద్రము దాటి న్యూఇంగ్లండు చేరగా, గవర్నరు జాన్ ఎండికాటు తన కుమారునకు జెరుబ్బాబెలని నామకరణము చేసెను. 1660లో బోస్టనున ఉరితీయబడిన క్వేకరు మేరీ డయ్యరు తన బిడ్డలలో నొకనికి యెషయాప్రవక్త కుమారుని పేరైన మహేరు షాలాల్ హాష్ బజ్ అనుదానినే పెట్టినది. పెరటిలోని పిల్లవానిని అన్నమునకు పిలుచుట ఆమెకు శ్రమయే అయియుండును!

ఇరువదవ శతాబ్దిలో ఇవి తాతల పేళ్లుగా తోచి వెనుకబడగా మైకేలు వంటివి రాజ్యమేలినవి. తరువాత గాలి మరలి, 2013లో నోవా అమెరికాలోను, 2021లో ఇంగ్లండు, వేల్సులలోను మగశిశువుల పేళ్లలో ప్రథమస్థానము నందెను. ప్రాచీనమయ్యు పొరుగింట వినబడని పేరు కావలెనను కోరికయు, అచ్చులతో ముగియు మృదుధ్వనియు ఇందుకు హేతువులు. భక్తి పాలు స్వల్పమనియే తోచుచున్నది. అయినను అన్ని పేళ్లును మరలి రాలేదు: 1843లో డికెన్సు సృష్టించిన లోభి ఎబెనెజరు స్క్రూజువలన అపకీర్తి పాలైన ఎబెనెజరను పేరు ఆంగ్లభాషాదేశములందు ఇంకను కోలుకొనలేదు. తెలుగు క్రైస్తవుల యిండ్లలో మాత్రము ఆ పేరు నేటికిని వినవచ్చును. హబక్కూకు జోలికి పోవువారు ఎచ్చటను అరుదు.