షెడ్డు అదే, పని మారింది: ఓఖ్లా పారిశ్రామికవాడ చరిత్ర

ఆన్‌లైన్ పరీక్ష రాయడానికి నాచారం, మౌలాలి వైపు వెళ్లారా ఎప్పుడైనా? పక్కన లేత్ మెషీన్ చప్పుడు, ఎదురుగా గోడౌను, మధ్యలో ఏసీ హాల్లో వందల కంప్యూటర్లు. హాల్ టికెట్, బయోమెట్రిక్ హడావుడిలో ఆ భవనాన్ని మనం పట్టించుకోం. కానీ పారిశ్రామికవాడలో పరీక్షా కేంద్రం ఎందుకుంది అన్న ప్రశ్న వెనక 70 ఏళ్ల ఆర్థిక చరిత్ర ఉంది. దాన్ని ఢిల్లీలోని ఓఖ్లా ద్వారా చూద్దాం. ఢిల్లీ కోచింగ్‌కు వెళ్లినవాళ్లకు మెట్రోలో వినిపించే పేరే ఇది.

ముందు నేపథ్యం. 1954లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం చిన్న పరిశ్రమలపై నివేదిక ఇచ్చింది. 1955లో కర్వే కమిటీ, అదే ఏడాది జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ, అంటే ఎన్‌ఎస్‌ఐసీ వచ్చాయి. దేశంలో తొలి పారిశ్రామికవాడ రాజ్‌కోట్‌లో 1955లోనే మొదలైంది. రెండో పంచవర్ష ప్రణాళికలో ఓఖ్లా, మద్రాసు శివారులోని గిండీ వంటివి వరసగా వచ్చాయి. ఆలోచన చాలా సూటిగా ఉండేది. చిన్న వ్యాపారి దగ్గర పనితనం ఉంటుంది, స్థలం కొని షెడ్డు కట్టేంత డబ్బుండదు. కాబట్టి షెడ్డు, రోడ్డు, నీళ్లు, కరెంటు ప్రభుత్వమే సమకూర్చి అద్దెకో వాయిదాలకో ఇస్తుంది. యంత్రాలు ఎన్‌ఎస్‌ఐసీ వాయిదాల మీద ఇస్తుంది. ఓఖ్లాలో పశ్చిమ జర్మనీ సాయంతో నమూనా యంత్రాల తయారీ, శిక్షణ కేంద్రం కూడా పెట్టారు.

అప్పటికి ఓఖ్లా నగరం కాదు, యమున ఒడ్డున శివారు. 1962 ఢిల్లీ మాస్టర్ ప్లాన్ తర్కమే అది: ఇళ్లు ఒకచోట, దుకాణాలు ఒకచోట, ఫ్యాక్టరీలు దూరంగా. ఈ పేరుకు ఎంత బలం వచ్చిందంటే, 1976లో నది అవతల ఉత్తరప్రదేశ్ మొదలుపెట్టిన కొత్త పట్టణం దీన్నే అరువు తెచ్చుకుంది. నోయిడా అంటే న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ. (ప్రిలిమ్స్‌లో అడగకపోయినా ఇంటర్వ్యూలో పనికొస్తుంది.)

మరి షెడ్లలో పని ఎందుకు మారింది? 1991 సరళీకరణ అని ఒక్క ముక్కలో రాసేయకండి, మార్కులు రావు. కనీసం మూడు ఒత్తిళ్లు కలిశాయి. చిన్న పరిశ్రమలకు 1967లో 47 వస్తువులతో మొదలైన రిజర్వేషన్ జాబితా మొదట పెరిగి, తర్వాత కరుగుతూ వచ్చి 2015 ఏప్రిల్‌లో చివరి 20 వస్తువుల తొలగింపుతో ముగిసింది. ఆ రక్షణ పోయాక చిన్న షెడ్డులో తయారీ గిట్టుబాటు కావడం కష్టమైంది. ఇంకోపక్క నగరం పెరిగి శివారును మింగేసింది, స్థలం విలువ సరుకు విలువను దాటేసింది. మూడోది కోర్టు. ఎం.సి. మెహతా కేసులో 1996 జులై 8న సుప్రీంకోర్టు 168 ప్రమాదకర పరిశ్రమలను ఢిల్లీ నుంచి తరలించాలని ఆదేశించింది.

వీటికి 2007లో నోటిఫై అయిన 2021 మాస్టర్ ప్లాన్ తోడైంది. 24 మీటర్లు, అంతకు మించిన వెడల్పు రోడ్ల పక్కనున్న పారిశ్రామిక ప్లాట్లను రుసుము కట్టి వాణిజ్య అవసరాలకు మార్చుకోవచ్చంది. అంటే భవనం భవిష్యత్తును అందులోని యంత్రం కాదు, ముందున్న రోడ్డు వెడల్పు నిర్ణయించిందన్నమాట! ఇవాళ ఓఖ్లా ఫేజ్‌ల వెంట నడిస్తే మీడియా ఆఫీసులు, కార్ల షోరూమ్‌లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనిపిస్తాయి. సందు లోపల ఇంకా ప్రింటింగ్ ప్రెస్సులు, కుట్టు యూనిట్లు నడుస్తూనే ఉన్నాయి. ఎన్‌ఎస్‌ఐసీ మైదానంలో కామిక్ కాన్ జరుగుతుంది. మెట్రో స్టేషన్ పేరు మాత్రం ఓఖ్లా ఎన్‌ఎస్‌ఐసీయే.

ముంబైతో పోల్చితే ఇంకో కోణం దొరుకుతుంది. అక్కడి మిల్లు భూముల్లో మూడో వంతు బహిరంగ స్థలాలకు, మూడో వంతు ప్రజా గృహాలకు, మిగిలింది యజమానికి అని 1991 నిబంధన చెప్పింది. 2001 సవరణ దాన్ని ఖాళీగా ఉన్న స్థలానికే పరిమితం చేసింది, 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మిల్లు కట్టడాలున్న నేల లెక్కలోంచి జారిపోయింది. తెలంగాణ 2020 గ్రిడ్ విధానం ఉప్పల్, నాచారం వంటి పారిశ్రామికవాడల్లో ఐటీకి దారి తెరిచినప్పుడు కూడా అడగాల్సింది ఇదే: మారిన విలువలో ఎవరి వాటా ఎంత?

కార్మికుల సంగతి మనవాళ్ల జవాబుల్లో ఎప్పుడూ చివరి లైనులోనే ఉంటుంది. నివాస ప్రాంతాల ఫ్యాక్టరీలను మూయించినప్పుడు 2000 నవంబరులో ఢిల్లీ వీధుల్లో పెద్ద ఆందోళనలు జరిగాయి. వాటిలో చాలా యూనిట్లకు బవానాలో స్థలాలిచ్చారు. కాగితం మీద అది పద్ధతైన పారిశ్రామికవాడ. 2018 జనవరి 20న అక్కడి ఒక భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు, ఎక్కువమంది మహిళలు. ప్లాస్టిక్ తయారీకి లైసెన్సున్న చోట బాణసంచా పని నడుస్తోందని తర్వాత బయటపడింది. ఓఖ్లాలో ఉపయోగం మార్పును రుసుము కట్టించుకుని రికార్డులోకి ఎక్కించారు. బవానాలో ఉపయోగం మారింది, రికార్డు మారలేదు.

సాధన ప్రశ్న (250 పదాలు): "భారత నగరాల్లో పారిశ్రామిక భూముల వినియోగ మార్పు ప్రణాళిక ఫలితమా, ప్రణాళిక వైఫల్యమా?" ఢిల్లీ, ముంబై ఉదాహరణలతో చర్చించండి. రాసి పంపితే దిద్ది పెడతాను.