చేంతాడు మొదలు కుళాయి దాకా



పొలానికి నీరు ఎట్లా వచ్చిందో మనం తరచు చెప్పుకుంటాం. ఆనకట్టల కథ, కాలువల కథ అందరికీ తెలిసినవే. ఇంట్లో కడవలోకి నీరు ఎట్లా వచ్చిందో మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోరు. ఆ నీరు మోసినవారు ఆడవాళ్లు గనుక ఆ కథ పుస్తకాలకు ఎక్కలేదేమో! ఇవాళ ఆ సంగతి కొంచెం ముచ్చటించుకుందాం. చరిత్రతోబాటు చేతికి పనికివచ్చే మాటలు కూడా నాలుగు వున్నాయి.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం పాత కృష్ణాజిల్లాలో మెట్టసీమ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పేరు మారినా నేల మారలేదు. దక్షిణాన కృష్ణ పారుతున్నది. మునేరు, పాలేరు యీ నేలమీదుగానే వెళ్లి అందులో కలుస్తున్నాయి. అయినా మెట్టకు నీటి కరువే. 1852-55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టగా దిగువనున్న డెల్టా పచ్చబడింది. నీరు పల్లమెరుగును గదా! ఎగువనున్న మనకు ఆ నీరు ఎక్కలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు పునాదిరాయి పడింది; 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఆ తరువాత ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ, మెట్టపొలాల ముఖం చూసింది. అంతవరకు మన ఇళ్లకు దిక్కు బావి. ఎండాకాలంలో ఏటి ఇసుకలో తవ్విన చెలమ.

బావి నీటిలోనూ ఒక చిక్కు వున్నది. యీ సీమ కింద సున్నపురాయి వున్నది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది ఆ రాతికోసమే. ఆ రాతిలోంచి ఊరిన నీరు సున్నాన్ని కరిగించుకొని వస్తుంది. అందుచేత సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు, కాచిన గిన్నెకు తెల్లని గార పడుతుంది. పప్పుకోసమని ఒక కడవ ఏటినీళ్లు వేరుగా తెచ్చుకోవటం మన అమ్మమ్మల నాటి అలవాటు.

ఆ చేదబావిని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. గిలక కిర్రుమంటే రెండు చుక్కలు ఆముదం. చేంతాడు తెగితే ఇంట్లో వున్న గోగునారతో మరొకటి పేనుకోవటమే. చేద బావిలో పడితే పొరుగింటి పాతాళగరిగె వుండనే వున్నది. ఏది చెడినా ఆ పూటే బాగయ్యేది. ఒకరికోసం కనిపెట్టుకొని కూర్చోవలసిన పని లేదు.

అయితే ఆ రోజులు అంతా బంగారం కాదు. ఊరిబావిలో చేద వేసే హక్కు ఊరందరికీ లేదు. కొన్ని పేటల ఆడవాళ్లు ఖాళీ కడవతో గట్టు దూరాన నిలబడి, ఎవరైనా దయతలచి పోస్తే పట్టుకోవలసి వచ్చేది. 1950లో వచ్చిన మన రాజ్యాంగం బావులు, చెరువులు అందరివీ అన్నది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చి, అడ్డుపెట్టినవారికి శిక్ష వున్నదన్నది. ఇంటింటికీ కుళాయి అనే మాటలో నీళ్లేగాక యీ మర్యాద కూడా వున్నదని మరువరాదు.

నీటితో జబ్బులు వచ్చే సంగతి కూడా లోకానికి ఆలస్యంగానే తెలిసింది. 1854లో లండను నగరంలో కలరా ప్రబలింది. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లను లెక్కవేసి, వారిలో ఎక్కువమంది బ్రాడ్‌స్ట్రీట్ వీధిపంపు నీళ్లే తాగారని చూపించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. మన దేశంలో దిగుడుబావుల మెట్లమీద నుంచి వచ్చిన జబ్బు నారికురుపు. కాళ్లలో పురుగు వున్న మనిషి నీళ్లలో దిగితే ఆ నీళ్లు తాగినవారికి అది సోకుతుంది. బావులు మూసి, పంపులు పెట్టి, నీళ్లు వడగట్టుకోవటం నేర్పగా 1996తో మన దేశంలో దాని పీడ విరగడయింది. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మాట ధ్రువపరిచింది.

ఇక చేతిపంపు సంగతి. మొదట వచ్చిన పోతఇనుప పంపులు ఒక కుటుంబం వాడుకోవటానికి చేసినవి. వాటిని ఊరంతటికీ పెట్టేసరికి చాలాభాగం చెడి కూర్చున్నాయి. 1970ల చివరలో ఇండియా మార్క్ రెండు అనే గట్టి పంపు తయారైంది. మంచిదే! కాని లోపలి వాషరు అరిగిందంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి బండి, పనిముట్లు, నలుగురు మనుషులు కావాలి. వారు వచ్చేదాకా ఊరు ఎదురుచూడాలి. అర్థరూపాయి వాషరుకోసం ఊరి ఆడవాళ్లు మళ్లీ ఏటికి నడిచారు. యీ లోపం గమనించి 1980లలో మార్క్ మూడు చేశారు. దాని నీటిగొట్టం వెడల్పు 65 మిల్లీమీటర్లు. గొట్టం కదల్చకుండానే లోపలి పిస్టను పైకి తీయవచ్చు. ఊరివాళ్లే వాషరు మార్చుకోవచ్చు. చూశారా! గట్టిదనం ఒక్కటే చాలదు, మన చేతికి లొంగాలి. యీ పాఠం నేర్వటానికి ఇంత కాలం పట్టింది.

కుళాయి కథ కూడా ఇంతే. ఇంగ్లీషులో కుళాయి పనివాణ్ణి ప్లంబరు అంటారు. లాటినులో ప్లంబమ్ అంటే సీసం. రోమనులు సీసపు గొట్టాలు వాడారు గనుక ఆ పేరు వచ్చింది. సీసం విషమని తరువాత తెలిసింది. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుముకు తుత్తునాగం పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. మనం జీఐ పైపు అనేది అదే. తిప్పితే దిగి వాషరును నొక్కే కుళాయిని 1845లో ఇంగ్లండులో గెస్ట్, క్రైమ్స్ అనేవారి కార్ఖానా తెచ్చింది. ఇన్నేళ్లయినా మన పెరటి కుళాయిలలో చాలావాటి లోపల వున్న కిటుకు అదే.

2019 ఆగస్టు 15న జల్‌జీవన్ మిషన్ ప్రకటించారు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఇంటికే నీరు అందించాలని దాని లక్ష్యం. సరే, కుళాయి గుమ్మంలోకి వస్తే దానిని బాగుచేసేదెవరు? ఇక్కడనే మన పాత చేంతాడు జ్ఞాపకం రావాలి.

మొదటిది, కారే కుళాయి. సెకనుకు ఒక చుక్కే గదా అంటాం. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి పదిహేను వందల లీటర్లకు పైగా పోతుంది. నమ్మకం లేకపోతే రాత్రి కింద చెంబు పెట్టి చూడండి. ముందు వెనకనున్న వాల్వు కట్టండి. పానాతో కుళాయి తల విప్పండి. అరిగిన వాషరు తీసి అదే కొలతది వేసి బిగించండి. పది నిమిషాల పని. కారుతున్నదని పిడిని ఇంకా గట్టిగా బిగించవద్దు. వాషరు మరింత నలుగుతుంది, మర కూడా చెడుతుంది.

రెండవది, అతుకు దగ్గర కారటం. వెనకటి రోజుల్లో జనపనార చుట్టి సఫేదా పూసేవారు. సఫేదాలో సీసం కలిసిన రకమూ వుండేది గనుక తాగేనీటి గొట్టానికి అది వద్దు. తెల్లని టేపు చాలు. మరచుట్లు తుడిచి, బిగించే దిశలోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది.

మూడవది, గార. ఇది మన సీమకు సొంత జబ్బు. ధార సన్నబడితే వెంటనే పైపు పగలగొట్టకండి. కుళాయి మూతికి వున్న జల్లెడ విప్పి, చిక్కని చింతపండు పులుసులోగాని నిమ్మరసంలోగాని ఒక రాత్రి నాననిచ్చి తోమండి. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది.

నాలుగవది, ట్యాంకు పొర్లిపోవటం. లోపలి తేలుడు బంతిని పట్టుకొని ఊపి చూడండి. లోపల నీళ్లు చప్పుడైతే బంతికి చిల్లు పడింది, మార్చాలి. బంతి బాగుంటే వాల్వులో వాషరు పోయింది.

అయిదవది అన్నిటికంటె ముఖ్యం. నీరు సన్నగా వస్తున్నదని వీధిపైపుకే మోటారు తగిలించి లాగుతారు కొందరు. నీరు వచ్చేది రోజుకు కొద్ది గంటలే. మోటారు గుంజినప్పుడు పైపులో పీల్పు పుడుతుంది. పగిలిన అతుకు మురుగుకాలువ పక్కనే వుంటే ఆ మురుగే లోపలికి వస్తుంది. మన పీల్పుకు పొరుగింటి పసివాడు విరేచనాలతో మంచం పట్టవచ్చు. నీరు దానంతటది నేలతొట్టిలోకి పడనివ్వండి. తొట్టిలోంచి పైట్యాంకుకు మోటారు పెట్టుకోండి.

వరదల మాట ఒకటి. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను మునేరు పొంగి ఐతవరం దగ్గర రహదారినే ముంచింది. తొట్టిలో వరదనీరు చేరితే తోడి, కడిగి, మంచినీరు నింపండి. వెయ్యి లీటర్ల తేటనీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగుపొడి వేరే బిందెలో కలిపి, పైతేట మాత్రమే పోసి, ఒక గంట ఆగి వాడుకోండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊరికి ఒక పానా, ఒక పైపురెంచి, నాలుగు కొలతల వాషర్లు, రెండు చుట్ల టేపు పంచాయతీలో వుండేటట్లు చూడండి. పని నేర్పేటప్పుడు ఆడవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. కుళాయి ఆగిన రోజున కడవ మళ్లీ ఎక్కేది వారి నడుముమీదికే గదా! చేంతాడు పేనుకున్న చేతులకు వాషరు మార్చటం బ్రహ్మవిద్య కాదు.