పాయింట్ల బేరం



అమెరికాలో కళాశాలల బాస్కెట్‌బాల్‌కు అభిమానులు లక్షల్లో ఉన్నారు. వారిని ఏళ్ళ తరబడి వేధిస్తున్న ప్రశ్న ఒకటే: నియమం అందరికీ ఒకటేనా? ఈ ప్రశ్న మూలాలు తెలియాలంటే 1951 నాటి న్యూయార్క్‌కు వెళ్ళాలి.

అప్పట్లో పందెం కాసేవాళ్ళు ఎవరు గెలుస్తారన్నదాని మీదే కాదు, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్నదాని మీద కూడా డబ్బు కట్టేవారు. పది పాయింట్ల తేడాతో గెలవాల్సిన జట్టు ఆరు పాయింట్లతోనే గెలిస్తే, ఎదుటి పక్షాన కాసినవాడికి లాభం. అందుకని జూదరి ఆటగాడితో ఓడిపొమ్మనడు. గెలువు గాని, కొద్దిలో గెలువు అంటాడు. చూసేవారికి అనుమానం రాదు. కుర్రవాడికి కూడా జట్టుకు ద్రోహం చేశానన్న బాధ అంతగా ఉండదు. ఈ బేరంలోని కిటుకు అదే.

1951 జనవరిలో మన్‌హటన్ కళాశాల ఆటగాడు జూనియస్ కెలాగ్‌కు వెయ్యి డాలర్లు ఇస్తామన్నారు. ఆయన ఆశపడలేదు, వెళ్ళి తన కోచ్‌కు చెప్పాడు. దానితో డొంకంతా కదిలింది. ఫిబ్రవరిలో సిటీ కాలేజ్ ఆఫ్ న్యూయార్క్ ఆటగాళ్ళను అరెస్టు చేశారు. అప్పట్లో ఫీజు లేకుండా చదువు చెప్పిన ఆ కళాశాల అంతకు ముందు ఏడే రెండు జాతీయ టోర్నమెంట్లనూ ఒకే సీజన్లో గెలిచింది. మరే జట్టూ ఆ ఘనత సాధించలేదు. చివరకు ఏడు కళాశాలలకు చెందిన 32 మంది ఆటగాళ్ళ పేర్లు బయటపడ్డాయి.

మరి శిక్ష ఎవరికి పడింది? కొందరు కుర్రవాళ్ళు జైలుకు వెళ్ళారు. 1948 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన కెంటకీ ఆటగాళ్ళు అలెక్స్ గ్రోజా, రాల్ఫ్ బియర్డ్‌లను ఎన్‌.బి.ఎ. జీవితాంతం నిషేధించింది. కెంటకీ విశ్వవిద్యాలయం 1952-53 సీజన్ ఆడలేకపోయింది. అయితే కోచ్ అడాల్ఫ్ రప్ పదవికి మాత్రం భంగం కలగలేదు. మరుసటి ఏడు ఆయన జట్టు ఆడిన 25 ఆటలూ గెలిచింది. ఆయన 1972 దాకా కోచ్‌గానే ఉన్నారు.

కళాశాలల క్రీడా సంఘమైన ఎన్‌.సి.ఎ.ఎ.కు శిక్షించే బలం వచ్చింది ఈ కెంటకీ వ్యవహారంతోనే. బలమైతే వచ్చింది, సమానత వచ్చిందా?

ఇటీవలి ఉదాహరణ చూద్దాం. 2017 సెప్టెంబరులో ఫెడరల్ అధికారులు నలుగురు సహాయ కోచ్‌లతో సహా పదిమందిపై కేసులు పెట్టారు. అందులో ఓక్లహోమా స్టేట్ సహాయ కోచ్ ఒకరు లంచం కేసులో శిక్షపడి పోయాడు. ఫలితంగా ఆ జట్టు 2022 టోర్నమెంటు ఆడకుండా నిషేధానికి గురైంది. ఆ తప్పుతో ఏ సంబంధమూ లేని పిల్లలు ఇంట్లో కూర్చున్నారు. అదే దర్యాప్తులో, ఆటగాళ్ళ కుటుంబాలకు ఒక బూట్ల కంపెనీ డబ్బు ముట్టజెప్పిందన్న వ్యవహారంలో, కాన్సాస్ పేరు వచ్చింది. ఆ విచారణ సాగుతుండగానే కాన్సాస్ 2022 జాతీయ విజేత అయింది. 2023 అక్టోబరులో తీర్పు వచ్చింది: 2017-18 నాటి 15 గెలుపులు కొట్టివేత, మూడేళ్ళ ప్రొబేషన్. టోర్నమెంటు నిషేధం లేదు. రెండు కేసులూ అచ్చంగా ఒకటి కావన్నది నిజమే. అయినా ఒకే తుఫానులో ఒకరి ఇల్లు కూలి, మరొకరి ఇంట పండుగ జరిగితే, చూసేవారికి న్యాయం మీద నమ్మకం ఎలా నిలుస్తుంది?

2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి కళాశాలలే నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. చాటుగా నడిచిన చెల్లింపుల్లో చాలావరకు ఇలా సక్రమమయ్యాయి. కాని 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో పందేలకు అనేక రాష్ట్రాల్లో తలుపులు తెరుచుకున్నాయి. 1951 నాటి జూదరికి ఇప్పుడు చీకటి సందు అవసరం లేదు.

తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం ఒక్కటే నియమపాలన కాదు. త్వరగా పట్టుకోవాలి, పెద్దా చిన్నా చూడకుండా పట్టుకోవాలి, వాడి తప్పును పక్కవాడి నెత్తిన రుద్దకుండా ఉండాలి. వెయ్యి డాలర్లు కాదన్న కెలాగ్ తన వంతు చేశాడు. పెద్దలు చేయవలసినది ఇంకా మిగిలే ఉంది.