రక్షిత కౌలుదారు భార్య

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ గురించి మనం చాలానే రాసుకున్నాం. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చాక ఆమె మాట మన సాహిత్యంలోకీ వచ్చింది. అయితే వీరనారిగా కొలిచే అలవాటులో ఒక సంగతి జారిపోతోందనిపిస్తుంది నాకు. ఐలమ్మ కౌలుదారు. విసునూరు దేశ్‌ముఖ్‌తో ఆమె తగాదా మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న భూమి గురించే. కోర్టు తీర్పు ఆమె పక్షానే వచ్చింది. అయినా సంఘం వాళ్ళు దిగి పంట కోసి ఇంటికి చేరిస్తే గానీ గింజలు దక్కలేదు.

ఆ పోరాటం ఇంకా సాగుతుండగానే 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. ఆరేళ్ళు వరసగా సాగు చేసినవాళ్ళు రక్షిత కౌలుదార్లయ్యారు. తాసీల్దారు ఉత్తర్వు లేకుండా భూస్వామి వాళ్ళని బేదఖలు చెయ్యకూడదు. కౌలుదారు తనంత తాను వదులుకున్నా అది రాతలో ఉండాలి, తాసీల్దారు ముందు ఒప్పుకోవాలి. కాగితం మీద ఇంతకన్నా గట్టి కంచె ఏముంటుంది? ఎ.ఎం. ఖుస్రో 1958లో వెలువరించిన అధ్యయనం చూడండి. 1951లో నమోదైన ప్రతి 100 మంది రక్షిత కౌలుదార్లలో నాలుగేళ్ళు తిరిగేసరికి అలాగే మిగిలింది 45 మంది. 12 మంది భూమి కొనుక్కోగలిగారు. చట్టప్రకారం బేదఖలైనవాళ్ళు ముగ్గురు కూడా లేరు. చట్టాన్ని కాదని వెళ్ళగొట్టింది 22 మందిని. మిగిలిన 17, 18 మంది 'స్వచ్ఛందంగా' వదులుకున్నారట! దొర ముందు నిలబడి వేసిన వేలిముద్రకి ఆ పేరు పెట్టడం కచేరీ భాషకే చెల్లింది.

నేను మళ్ళీ మళ్ళీ చదివింది మాత్రం 40వ సెక్షన్. రక్షిత కౌలుదారు చనిపోతే హక్కు వారసులది. వారసులెవరు? అతని సంతానం, దత్తత వచ్చినవాళ్ళు. వాళ్ళెవరూ లేకపోతేనే భార్య, అదీ ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోనంత కాలం. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన మనిషికి బిడ్డలుంటే ఆ పొలంలో వాటా లేదు. బిడ్డలు లేకపోతే ఉన్న హక్కూ మారుమనువుతో పోతుంది. భూమిని నమ్ముకుని బతికిన శ్రమ కులాల్లో చాలావాటికి మారుమనువు ఆచారమే, ఎవరూ తప్పు పట్టేది కాదు. బ్రిటిష్ ఇండియాలో 1856 వితంతు పునర్వివాహ చట్టం పెట్టిన షరతు లాంటిదే, మళ్ళీ పెళ్ళాడితే మొగుడి ఆస్తి పోతుందన్నది, తెచ్చి వీళ్ళకీ తగిలించారు.

1956 హిందూ వారసత్వ చట్టం భార్యకి పిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది కదా అని అడగవచ్చు. ఇచ్చింది. కానీ అందులోనే 4(2) ఉంది: కౌలు హక్కులు ఎవరికి సంక్రమించాలో చెప్పే చట్టాల జోలికి ఈ చట్టం పోదని. 2005 సవరణలో గానీ ఆ మినహాయింపు తొలగలేదు. ఈ మధ్యలో, 1973లో, తెలంగాణలో చాలా జిల్లాల రక్షిత కౌలుదార్లకి 38-ఇ కింద భూమి మీద యాజమాన్యమే దఖలు పడింది. ఆపాటికి కౌలుదారు పోయి ఉంటే సర్టిఫికెట్ ఎవరి పేరున రావాలో తేల్చడానికి 40వ సెక్షన్ ముందే కూర్చుని ఉంది. కొడుకు పేరున కాగితం వచ్చిన ఇంట్లోంచి తల్లిని పొలానికి దూరం చెయ్యడానికి ఏ తాసీల్దారు ఉత్తర్వూ అక్కర్లేదు.