రాగిరేకు నుంచి తెల్లకాగితం దాకా

నిడమనూరు చరిత్ర చెప్పమంటే మా ఊళ్లో ఎక్కువమంది నాగార్జునసాగర్ ఎడమ కాలువ దగ్గరే మొదలుపెడతారు. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ పునాదిరాయి వేయడం, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదలడం, మెట్టచేలు వరిమళ్లు కావడం. అంతా నిజమే. కానీ మా చుట్టుపక్కల లంబాడా తండాల కథ ఇందులో ఇమడదు. దాన్ని తెలుసుకోవాలంటే ఎవరితో ఏ మాట కుదిరింది, ఆ మాట ఎన్నాళ్లు నిలిచింది అని అడగాలి.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ, మచిలీపట్నం దారుల్లో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియె ఈ లంబాడాల పూర్వీకుల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పదివేలు, పన్నెండు వేల ఎద్దులు. నాలుగు తెగలు నాలుగు సరుకులు పంచుకున్నాయి: ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు. ఇరుకు బాటలో రెండు బిడారులు ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలన్న పేచీ కత్తుల దాకా పోయేది. అలాంటి ఒక తగాదాలో మొఘల్ పాదుషా ఇద్దరు నాయకులనూ పిలిపించి, సఖ్యంగా ఉండమని చెప్పి, చెరో లక్ష రూపాయలూ చెరో ముత్యాల దండా ఇచ్చి పంపాడట. ఆ ఎద్దులు ఆగితే జనానికి తిండిగింజలు ఆగుతాయని పాదుషాకు తెలుసు.

ఇంకా పెద్ద ఒప్పందం రాగిరేకు మీద ఉంది. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ బీజాపూరు మీదికి దండెత్తినప్పుడు, రాథోడ్ వంశపు భంగీ, జంగీ నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో, వడిత్య భగవాన్‌దాస్ యాభై రెండు వేల ఎద్దులతో సైన్యానికి తిండిగింజలు మోశారని చెబుతారు. అందుకు ఆసఫ్ ఖాన్ రాగిరేకు మీద బంగారు అక్షరాలతో హుకుం చెక్కించి ఇచ్చాడు. నీళ్లు దొరకకపోతే మా వాళ్ల కుండల్లోవి తీసుకోండి. గడ్డి దొరకకపోతే మా కప్పుల మీది గడ్డి పీకి ఎద్దులకు వేయండి. రోజుకు మూడు హత్యల వరకు మాఫీ. కానీ నా గుర్రాలు ఎక్కడుంటే మీ ఎద్దులు అక్కడుండాలి. ఆ హత్యల మాఫీ చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. హైదరాబాదు దర్బారు కూడా ఆ రేకును గౌరవించి, కొత్త నాయక్‌కు ఖిల్లత్ (గౌరవ వస్త్రం) ఇచ్చేదని 1882లో కంబర్లెజ్ అనే ఇంగ్లీషు అధికారి రాశాడు.

టిప్పు మీద యుద్ధంలో కారన్‌వాలిస్ సైన్యం బతికిందీ వీళ్ల ధాన్యంతోనే. తర్వాత రైలు వచ్చింది: 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1889లో బెజవాడ దాకా. రాగిరేకును ఎవరూ రద్దు చేయలేదు. ఎద్దుతో పని లేకుండా పోయింది, అంతే. బిడారులు నిలిచినచోట తండాలు వెలిశాయి.

తండా లోపలి ఒప్పందాలకు కాగితమే అక్కర్లేదు. తండా పెద్దలు నాయక్, డావో, కార్‌భారీ కూర్చుంటే తగవు తీరుతుంది. పిల్లకూ పిల్లాడికీ మాట కుదిరితే నలుగురి ముందు బెల్లం తింటారు. ఆ తర్వాత మాట తప్పితే తప్పు కట్టాల్సిందే. మాటకు అంత విలువ ఉన్న మనుషులు, కాగితానికే విలువ ఉన్న ఊళ్లతో భూమి బేరాలు ఆడాల్సి రావడంలోనే కష్టమంతా ఉంది.

ఊళ్లో రైతుల దగ్గర జీతానికి కుదిరేది ఉగాదికి. ఇన్ని బస్తాల వడ్లు, ఒక జత చెప్పులు, ఒక గొంగడి, అన్నీ నోటిమాటే. కౌలూ అంతే. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన లావుణి పట్టా భూమి అమ్మకం ఇంకా ఘోరం. కూతురి పెళ్లికో ఆస్పత్రికో అవసరం పడి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఎకరం వదులుకోవడం. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. కానీ చెల్లదని చెప్పడానికి ఆఫీసు మెట్లెక్కాల్సింది అమ్ముకున్నవాడే. ఏజెన్సీలో 1/70 చట్టం గిరిజన భూమికి కాపలా ఉంది. మా నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు కనుక ఆ కాపలా లేదు. తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరిందే 1976 చట్టంతో.

అసైన్డ్ కాని భూముల్లో కథ తిరగబడుతుంది. అక్కడ చాలాచోట్ల తండావాళ్లే కొన్నవాళ్లు. డబ్బు ముట్టజెప్పి, సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు అమ్మకపత్రం) రాయించుకుని, ఏళ్ల తరబడి దున్నుకుంటున్నా పాస్‌బుక్ రాలేదు. 2016లో దరఖాస్తులు తీసుకున్నారు, 2020లో మళ్లీ తీసుకున్నారు, 2025 భూభారతి చట్టంలో వాటికి దారి పెట్టారు. ఆ కాగితాలు కొన్ని మడతల్లో చిరిగి, బియ్యపు డబ్బాల్లో ఉన్నాయి. సాక్షి సంతకాలు పెట్టినవాళ్లలో చాలామంది పోయారు.

2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. నాయక్ మాట నడిచినచోట ఇప్పుడు సర్పంచ్ ముద్ర కూడా ఉంది. పంచాయతీ దఫ్తరంలో కౌలు మాటలూ సాదా బైనామాలూ కూడా ఎక్కాలని నా కోరిక. ఎవరి ఎకరం, ఎన్ని బస్తాలకు, ఎన్నేళ్లకు, సాక్షులెవరు. సాక్షులు బతికుండగానే రాయించాలి.